అత్తమ్మ నడుం మీద పెట్టని కాలు

దయ్యాలను నేను నమ్మ. నా కాలునైతే అస్సలే నమ్మకపోతుంటి.

నేను ఎదురుకాళ్లతో పుట్టిన. అంటే పుట్టేటప్పుడు తల కాదు, కాళ్లు ముందు వచ్చినయి. గట్ల పుట్టినోళ్ల కాలు తాకితే పట్టిన నడుం విడుస్తదని మా దిక్కు అంటరు. మాది తాండూరు. బండల పాలిష్ పనికి పోయేటోళ్లు మస్తుమంది ఉన్నరు. బరువులు లేపి లేపి ఎవరికో ఒకరికి నడుం పట్టుకుంటనే ఉంటది. ఇగ పొద్దున నేను మొఖం కడగకముందే వాకిట్ల నిలవడతరు. గోడ పట్టుకొని వంగితే నేను మూడుమాట్ల కాలు ఆనిస్త. పెద్దోళ్లయితే తప్పయిందని వాళ్ల కాళ్లు మొక్కుత.

తగ్గిందంటరు. రెండు దినాలు ఆగితే దానంతట అదే తగ్గుతది, అండ్ల నాదేమున్నది? ఊళ్లె డాక్టర్లు లేనట్టు పొద్దు పొద్దుగాల నా పానం తీస్తరని మా ఆయన మీద కస్సుమంటుంటి.

మా అత్తమ్మ మాత్రం ఎన్నడు అడగలే. కోడలితోని తన్నించుకునుడేందని ఆమె పట్టింపు. మా ఇద్దరిది ఉప్పు నిప్పు. కూర కాడ, టీవీ కాడ, నేను నడిపే బట్టలు కుట్టే షాపు కాడ, దేనికైనా పేచీయే.

ఆమెకు గుండె దడ ఉన్నది. గుండెల నెత్తురు గడ్డకట్టద్దని హైదరాబాదు డాక్టరు రక్తం పల్చబడే గోలీలు రాసిండు. రోజు మింగుతది. గీ సంగతి యాదికి పెట్టుకోండ్రి, మేమైతే పెట్టుకోలే.

పోయిన చలికాలం ఒక పొద్దున అత్తమ్మ మంచం మీదికెల్లి లేవలే. నడుం కుడిదిక్కు పట్టిందన్నది. కుడి మోకాలు మడిచి కడుపు కాడికి తెచ్చుకున్నది, చాపమంటే చాపదు. ముందటి దినం నీళ్ల బిందె లేపింది, అందుకే పట్టింది అనుకున్నం. పక్కింటి పెద్దామె, ఖాలా అని పిలుస్తం, మందు రుద్దుత అని వచ్చింది. అత్తమ్మ వద్దని, నా దిక్కు చూసి, "నీ కాలు పెట్టు జర" అన్నది.

నా పెండ్లయినకాడికెల్లి ఆమె నోరు తెరిచి నన్ను ఒకటి అడుగుడు గదే మొదలు. నిజం చెప్తున్న, నాకు లోపల సంతోషమే అయింది.

మొక్కి కుడికాలు లేపిన. లేచింది గని చాపరాలే. గజ్జల లోపల, బాగ లోతుకు, ఎవరో గుంజి ముడేసినట్టు నొప్పి. తొడ ముందటి భాగం మొద్దువారింది. ఇంకోమాటు లేపబోయి, నిలవడలేక మంచం పట్టె పట్టుకొని కింద కూలబడ్డ. మోకాలు కడుపు దిక్కు మడుచుకపోయింది. చేతులతోని గుంజినా రాలే.

"ఊరోళ్లందరికి పెడ్తవు, నాకు పెట్టనీకి నీ కాలు అరుగుతదా?" అన్నది అత్తమ్మ.

ఖాలా నవ్వింది. "అత్త మీది కోపం దుత్త మీద అంటరు, గీ పిల్లేమో కాలు మీద చూపుతున్నది" అన్నది. మా ఆయన నవ్వలే గని, నేను నాటకం ఆడుతున్నననే అనుకున్నడు. మొఖం చూస్తే తెలుస్తది గద. నాకు ఏడుపొచ్చింది.

మా ఆయన దోస్తు కారు అడుక్కొచ్చి మా ఇద్దర్ని తాండూరులనే ఒక డాక్టరుకు చూపించిండు. డాక్టరు అత్తమ్మది నడుం నొప్పని నొప్పికి సూది ఇచ్చిండు. గుండె గోలీల ముచ్చట మేము చెప్పలే. గుండెకు నడుముకు ఏం సంబంధం అనుకున్నం. నా కాలు వంచి చూసి, నాకేం దొరుకుతలేదు, వికారాబాదుల ఎముకల డాక్టరమ్మకు చూపించుండ్రి అన్నడు.

అంటే మేము వికారాబాదు పోయింది నా కాలు కోసం. అత్తమ్మ కోసం కాదు.

సూది పడ్డంక అత్తమ్మకు నిమ్మళమైంది. ధారూరు దాటకముందే, "నాకు నొప్పి పోయింది, నన్ను ఇంటికాడ దించి మీరు పోండ్రి" అని మొదలుపెట్టింది. మా ఆయన కారు స్లో చేసిండు. ఆమె నొప్పి తగ్గిన కొద్ది నాది ఎక్కువైతున్నది. వెనక్కి తిప్పితే దూకుత అని ఒర్రిన. ఎన్నడు గట్ల ఒర్రిన దాన్ని కాదు. అనంతగిరి గుట్ట మలుపుల కాడ కారు ఊగినప్పుడల్ల పండ్లు కొరుక్కున్న.

డాక్టరమ్మ నన్ను పండవెట్టి చూసింది. ఎక్కడెక్కడ నొస్తుంది, ఎట్ల నొస్తుంది అని అడిగింది. గజ్జల లోతుకు అన్న, చాపితే పానం పోతుందన్న, తొడ ముందర మొద్దువారిందన్న. ఆమె రాసుడు ఆపింది.

"నువ్వు రక్తం పల్చబడే మందులేమన్న వాడుతున్నవా?"

"నేను కాదు మేడం, మా అత్తమ్మ."

"ఆమె ఎక్కడున్నది?"

బయట బెంచీ మీద ఉన్నది. మేము పోయేసరికి తల గోడకు వాలిపోయింది. మొఖం సున్నం లెక్క తెల్లగైంది, చలికాలంల చెమటలు కారుతున్నయి. కుడి మోకాలు గట్లనే మడిచి ఉన్నది. నొప్పి లేదు లేదనుకుంటనే ముసల్ది జారిపోతున్నది. బీపీ చూసిన నర్సు ఉరికింది. పొద్దందాక తిట్టుకునేదాన్ని, అప్పుడు ఆమె చెయ్యి పట్టుకొని, "అత్తమ్మా, నన్ను ఇడిసిపెట్టి పోకు" అని అందరి ముందల ఏడ్చిన.

అత్తమ్మకు స్కానింగ్ తీస్తే, నడుం కాడికెల్లి తొడకు పోయే లోపలి కండల నెత్తురు నిండి గడ్డలెక్క అయింది. అది నరాన్ని ఒత్తుతున్నది. డాక్టరమ్మ మాకు వివరంగ చెప్పింది. గా గోలీలు మింగే పెద్దోళ్లకు జర బరువు లేపినా, ఒక్కోసారి ఏం చేయకున్నా, కండ లోపల నెత్తురు కారుతదట. పైకి కమిలినట్టు కనవడదు, నడుం పట్టినట్టే ఉంటది. కాలు చాపరాకుంటే, తొడ మొద్దువారితే, మొఖం తెల్లవడితే ఆగద్దు, గోలీల సంగతి ముందుగాల చెప్పాలె అన్నది. "రుద్దుడు, తొక్కుడు ఏమన్న చేసినరా?" అని అడిగింది. లేదన్నం. చేసుంటే నెత్తురు ఇంకా కారుతుండె అన్నది. మా ఆయన నా దిక్కు చూసిండు.

గోలీలు ఆపి, విరుగుడు మందు ఇచ్చి, నెత్తురు ఎక్కించిన్రు. స్ట్రెచర్ వెంబడి సెలైన్ సీసా పట్టుకొని నేనే ఉరికిన. "నీ కాలు?" అని మా ఆయన అడిగేదాక నాకు సోయి లేదు. కాలు మంచిగనే ఉన్నది. నన్ను మళ్ల చూసిన్రు, ఏం లేదన్నరు. భయానికి ఒళ్లు ఒక్కోపారి గట్ల చేస్తదని డాక్టరమ్మ అన్నది.

కావచ్చు. గని భయం ఎప్పుడు పుట్టింది? కాలు లేపినప్పుడు నాకు సంతోషం తప్ప భయం లేకుండె. మంచిగైనంక అత్తమ్మను అడిగిన, తొడ మొద్దువారిందా అని. ముందటి రాత్రికెల్లి వారిందట. ముసలితనం అనుకొని ఎవ్వరికి చెప్పలేదట. ఎవ్వరికి చెప్పనిది నా తొడకు ఎట్ల తెలిసింది? ఇప్పటిదాక నాకు సమజ్ కాలే. చదువుకున్నోళ్లను అడిగిన, దర్గా కాడ అడిగిన. తలా ఒకటి చెప్తరు, ఒక్కటి మనసుకు పట్టలే.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందుగాల గోలీల సంగతి అడుగుత. మింగుతున్నమంటే కాలు పెట్ట, దవాఖానకు పొమ్మంట. కోపం చేస్తరు, చేయనియ్.

గని నాకు నిమ్మళం లేదు. షాపుల కూసుంటే ఎవరికైన కాలు తిమ్మిరెక్కుతది. నాకు ఎక్కితే మాత్రం పానం ఆగదు. ఉత్త తిమ్మిరేనని ఎరుకే. అయినా కుట్టేది సగంల ఇడిసి ఇంటికి ఉరుకుత. ఎందుకొచ్చిన్నో నేను చెప్ప, ఆమె అడగదు. వాకిట్ల కందులు చెరుగుకుంట కూసున్న అత్తమ్మ చాట పక్కకు పెట్టి, చీర సర్దుకొని, కుడికాలు మెల్లగ ముందుకు చాపి చూపిస్తది.