బూజెక్కిన చెనక్కాయల మూట

ఎన్నికల ముందు రోజులవి. జమ్మలమడుగులో బస్సెక్కితే, ఒకాయన పక్కన మాత్రమే సీటు ఖాళీగా ఉంది. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఒక చెయ్యి చొక్కా కింద పెట్టుకున్నాడు. ఆ చేతిలో నాటుబాంబు ఉందనుకున్నారేమో, జనం నిలబడ్డారు గానీ అక్కడ కూర్చోలేదు. నాకు మోకాళ్ల నొప్పులు. వానకు తడిసిన చెనక్కాయల మూట కాళ్ల దగ్గర పెట్టుకుని కూలబడ్డాను.

"అప్పా, ఆ మూట బూజు వాసన కొడతాంది. రోంత దూరంగా పెడతావా?" అన్నాడతను.

నేను చొక్కా కిందున్న అతని చెయ్యి వైపు చూశాను.

"భయపడొద్దు. మా అక్క నాకు కిడ్నీ ఇచ్చింది. అది నిలబడాలని మందులు మింగుతాండా. వాటితో ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి పోయింది. పోయినేడు ఊపిరితిత్తుల్లో బూజు పెరిగి, చచ్చి బతికినా. అందుకే ఈ తువ్వాలు. అక్క ఇచ్చింది పాడు చేసుకోకూడదు గదా."

చొక్కా కింద చెయ్యి, అక్క కిడ్నీ పెట్టిన పొత్తికడుపు మీద ఉంది, నిద్రపోయే బిడ్డ మీద వేసినట్టు.

మూటను బస్సు చివరి సీటు కింద పెట్టి, బట్టలు దులుపుకుని, తిరిగొచ్చి అతని పక్కనే కూర్చున్నాను.

"మళ్లీ ఈడికే వస్తివే!" అన్నాడు. ప్రొద్దుటూరు దాకా అట్లే పక్కపక్కన కూర్చుని పోయాం.

ముఖం కప్పుకున్న మనిషి ఎదురైతే అందరూ అతని చేతిలో ఏముందోనని చూస్తారు. నేను నా చేతిలో ఏముందో చూసుకుంటాను.