రైజర్లనుకొని కోసిన కొమ్ములు

మా మామ చేతికి ఆకురాయి దొరికిందంటే ఇంట్లో ఏ వస్తువుకూ భద్రత లేదు. తలుపు గడియ, ఇడ్లీ రేకుల అంచు, నా చెప్పుల బకిలు, అన్నీ ఆయన చేతిలో నున్నబడినవే. కోయంబత్తూరు పీళమేడులో ఒక మోటారు పంపుల ఫౌండ్రీలో ముప్పై ఎనిమిదేళ్లు ప్యాటర్న్ మేకరుగా పనిచేశారు. కరిగిన ఇనుము పోయడానికి ముందు ఇసుకలో అచ్చు దిగాలి కదా, ఆ అచ్చు కోసం పంపు ఆకారాన్ని టేకు చెక్కలో చెక్కి ఇచ్చే పని అది. రిటైరై ఆరేళ్లయినా ఆయన చేతులకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆయన నాకు మామగారే కాదు, మా అమ్మకు అన్న కూడా. అంచేత ఆయన మీద కోపం వస్తే నాకు రెండు దారులూ మూతే. కోడలిగా అరవకూడదు. మేనకోడలిగా అరిస్తే పది నిమిషాల్లో అమ్మ ఫోను చేస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మా ఇంట్లో అత్త లేదు, పోయి చాలా కాలమైంది, కాబట్టి మామ మీద కోపమంతా కుక్కరు మీద.

నేను తిరుప్పూరులో బనియన్లు ఎగుమతి చేసే కంపెనీలో క్వాలిటీ చూస్తాను. పొద్దున ఏడింటికి అవినాశి మీదుగా పోయే బస్సెక్కితే సాయంత్రం ఏడింటికి ఇల్లు. రోజంతా టీ షర్టులు తిరగేసి, దారం తేలితే పక్కన పడేయడమే పని. అంటే మా ఇంట్లో తప్పులు పట్టేవాళ్లం ఇద్దరం. మధ్యలో మా ఆయన ఒక్కడు, పాపం, అడకత్తెరలో పోకచెక్క.

నాకు నలభై రెండేళ్లు. ఆదివారం మధ్యాహ్నాలు నేను యుద్ధం చేస్తాను. నవ్వకండి. ఒక బేకరీ మేడ మీది గదిలో పదిమందిమి చేరి, పెద్ద బల్ల మీద బొటనవేలంత సైనికుల బొమ్మలు నిలబెట్టి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి ఆడతాం. బొమ్మల ముక్కలు కొనుక్కొని ఎవరివి వాళ్లే అతికించుకోవాలి, రంగులు వేసుకోవాలి. ఆఫీసులో డిజైన్లు వేసే అమ్మాయి ఒకసారి చూడ్డానికి రమ్మంటే వెళ్లాను. ఆ అమ్మాయి మానేసింది, నేను దిగబడిపోయాను.

పోయిన ఏడు మదురైలో పోటీ జరిగితే నేనూ వెళ్లాను. గుమ్మం దగ్గర ఉన్న గుబురు మీసాల మనిషి నన్ను చూసి చాలా మర్యాదగా, అరవంలో, "పిల్లోడికి తోడొచ్చినారా అక్కా? అమ్మలకు గోడ పక్కన కుర్చీలు వేసినాం" అన్నాడు. నాది ఊరుకునే నోరు కాదు. ఆ రోజు మాత్రం ఏమైందో, సైనికుల డబ్బా ఒళ్లో పెట్టుకొని నిజంగానే పోయి ఆ కుర్చీలో కూర్చున్నాను. పక్కన నలుగురు తల్లులు. పది నిమిషాలు! తర్వాత లేచి ఆడాను, ఓడాను. ఆ ఓటమి గుర్తే లేదు, కుర్చీ మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసింది.

ఈ ఏడు మదురై వాళ్లే మా ఊరికి వస్తున్నారని తెలిసింది. నువ్వెవరికి తోడొచ్చావని ఎవడూ అడగలేని వస్తువొకటి బల్ల మీద పెట్టాలని ఆ క్షణమే తీర్మానించుకున్నాను. దీపావళి చీర వద్దని మా ఆయనకు చెప్పి డ్రాగన్ తెప్పించాను. రెజిన్‌తో చేసింది. రెజిన్ అంటే ద్రవంగా అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటిది. రెక్కలు చాపితే మూరెడు. నలభై ఒక్క ముక్కలు, ఏది ఎక్కడ అతకాలో చూపే బొమ్మ కాగితం ఒకటి. ఆటకు రెండు వారాల టైముంది. అతికించి రంగు పూర్తిగా వేయని బొమ్మ బల్ల ఎక్కకూడదని నియమం.

రెజిన్ ముక్కలకు అచ్చులోంచి ఊడిరావడానికి రాసిన జిడ్డు అంటుకొని ఉంటుంది, కడగకపోతే రంగు పట్టదు. పెరట్లో పీట వేసుకొని, గిన్నెల సబ్బుతో, పాత పళ్ల బ్రష్షుతో తోముతుంటే మామ వచ్చి నిలబడ్డారు.

"ఇదేందిమా?"

"డ్రాగన్ మామా. రెక్కలుండే పాము మాదిరి. అతికించాల."

ఒక రెక్క తీసుకొని వెలుతురుకు ఎత్తి చూశారు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను అంత పరీక్షగా ఎవరూ చూడలేదు.

"కాస్టింగ్ ఇది. ఎవురు పోసింది? గేటు కూడా కొయ్యకుండా పంపించుండాడు. ఇదో, గాలి బుడగ. రెక్క వంకర పోయుండాది. ఇదు రిజెక్షన్ దా. పార్టీకి వాపసు పంపించేయి."

గేటంటే పోత లోపలికి పోయిన దారి, గట్టిపడి ముక్కకు అంటుకొని మొండిగా మిగిలింది. అది కోయాలని నాకూ తెలుసు.

"వాపసు పంపితే ఆటకు ఎట్ల మామా? నేనే సరిచేసుకుంటా."

"నువ్వా?" అన్నారు. అంతే. నువ్వా, అట! రోజుకు వెయ్యి చొక్కాలు పాస్ చేసే దాన్ని!

వంకర రెక్కను వేడినీళ్లలో వేస్తే మెత్తబడుతుంది, అప్పుడు తిన్నగా వంచి చన్నీళ్లలో ముంచాలి. ఇంట్లో రెక్క పట్టే గిన్నె ఇడ్లీల కుండ ఒక్కటే. మా ఆయన వంటింట్లోకి వచ్చి మూత తీసి, లోపలి నుంచి గోళ్లున్న రెక్క పైకి లేస్తుంటే చూసి, మూత పెట్టి వెళ్లిపోయాడు. కొత్త కుండ కొనేదాకా ఇడ్లీ ముట్టుకోలేదు.

బుధవారం జరిగింది అసలు సంగతి. భోజనం వేళ చూసుకొని మురుద్దామని ఆ బొమ్మ కాగితాన్ని బ్యాగులో వేసుకొని ఆఫీసుకు పోయాను. సాయంత్రం వచ్చేసరికి పెరట్లో పేపరు పరిచి ఉంది. దాని మీద నలభై ఒక్క ముక్కలూ వరసగా, అద్దాల్లా నున్నగా ఉన్నాయి. పక్కన మామ స్నానం చేసి, విభూతి పెట్టుకొని, స్టూలు మీద కూర్చొని ఉన్నారు.

"ఫెట్లింగ్ ముగిసిందిమా. ముక్కుకు మాస్కు కట్టుకొని, నీళ్లు పోసుకొనే రాకినా. ఒక గేటు లే, ఒక ఫ్లాష్ లే."

ఫెట్లింగంటే పోత ముక్క మీద అదనంగా మిగిలినవన్నీ కోసి రాకి శుభ్రం చేయడం. గేట్లు నిజంగానే లేవు, కోసిన చోటు కూడా తెలియడం లేదు. అబ్బ, ఏం చెయ్యి అనుకున్నాను. ఆ తర్వాత తల ముక్క చేతిలోకి తీసుకున్నాను.

కొమ్ములు లేవు.

"మామా, దీని తల మీద రెండు ఉండాల కదా?"

"ఆమా, రెండు రైజర్లు ఉండె. కోసేసినా."

పోత చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. లోటు పూడ్చడానికి కాస్త లోహం నెత్తి మీద నిలవ ఉంచుతారు, దాన్నే రైజరంటారు. ఫౌండ్రీలో పుట్టిపెరిగిన కళ్లకు నెత్తి మీద నిలబడిందేదైనా రైజరే! వెన్ను మీద ముళ్ల వరస ఉండాలి. అది అచ్చు రెండు సగాలూ కలిసే గీత మీదే ఉంది గనక ఫ్లాష్, అంటే అతుకులోంచి బయటికి పొంగిన అంచు, అనుకొని రాకేశారు. నా డ్రాగన్ వీపు గేదె వీపులా ఉంది. రెక్కలు ఒంట్లోకి దిగే మేకులు, మెడ మేకు, తోక మేకు, అన్నీ గేట్ల లెక్కలో పోయాయి.

"కోసినవి ఏవి మామా?"

"చెత్త బండి మద్దేనమే వచ్చి పోయింది కదా."

కుక్కరు మూత ఆ రోజు మూడుసార్లు కింద పడింది. నా ఖర్మ, నా ఖర్మ అని పప్పుకు చెప్పుకున్నాను. చివరికి పట్టలేక, బ్యాగులోంచి కాగితం తీసి మామ కంచం పక్కన పెట్టాను. నోటితో ఒక్క మాట అనలేదు, అమ్మ తోడు. ఆయన చూశారు. కళ్లద్దాలు పంచెకు తుడుచుకొని మళ్లీ చూశారు. కొమ్ముల మీద వేలు పెట్టారు.

"డ్రాయింగ్ ఉండిందా?"

"ఉండింది మామా. నా బ్యాగులో."

తప్పు సగం నా దగ్గరికి వచ్చి కూర్చుంది. డ్రాయింగ్ పట్టుకుపోయినదాన్ని నేనే కదా!

"డ్రాయింగ్ చూడకుండా ఉలి పట్టినోళ్లని నేనే ప్యాటర్న్ షాపులోనించి బయటికి తోలుండాను," అన్నారు మామ. అన్నం సగంలో చెయ్యి కడుక్కున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, రసమైనా పోసుకోండి మామా అని వెనక పడ్డాను గానీ ఆయన వినిపించుకోలేదు. నా కోపం అక్కడితో పోయింది.

మర్నాడు నేను బస్సుకు బయల్దేరే వేళకు అటక మీది పెట్టె కిందికి దిగి ఉంది. నూనెగుడ్డలో చుట్టిన ఉలులు, చెయ్యి పట్టీ నల్లబడిన చిన్న రంపం, నేను పెళ్లయి వచ్చాక ఎన్నడూ చూడనివి. శనివారానికి పోయిన మేకుల చోట ఇత్తడి తీగ ముక్కలు దిగాయి. రెండు వైపులా రంధ్రాలు వేసి తీగ దూర్చి జిగురు పెడితే, రెక్క పట్టుకొని డ్రాగన్ మొత్తాన్ని ఎత్తినా అతుకు కదలలేదు. కంపెనీ మేకులకు ఆ బలం లేదు, ఒప్పుకోవాలి. తర్వాత ఆయన చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశారు. టేకు కొమ్ములు. మెలి, చార, మొన, అన్నీ బొమ్మలో ఉన్నట్టే. లావు మాత్రం రెండింతలు.

"ఏం మామా, ఇంత లావుగా ఉండాయి?"

"కొలత కరెక్టే మా. సుట్టూ మూడు మిల్లీ అలవెన్సు విడిచినా."

"దేనికి?"

"లేత్‌లో కొయ్యేదానికి."

"దీన్ని ఎవురు లేత్‌లో పెడతారు మామా?"

పోసిన ఇనుమును లేత్ యంత్రం మీద తరిగి కొలతకు తెస్తారు గనక చెక్క ప్యాటర్న్‌ను ఆ మేర లావుగా చేయడం ఆయన అలవాటు. "ఎవురూ పెట్టరు. చెయ్యి అట్ల పోయింది. ఇటియి, రాకేస్తా," అని చెయ్యి చాపారు. ముప్పై ఎనిమిదేళ్లు చెక్కినవన్నీ ఇసుకలో ముద్ర వేసి అటకెక్కినవే. ఆయన చెక్కింది చెక్కినట్టుగా నలుగురి ముందు ఎన్నడూ నిలబడలేదు.

"మా కంపెనీలో బయ్యరు సరేనంటే రిజెక్టు కూడా పాసే మామా. ఇక్కడ బయ్యరు నేను. పాస్."

వారం రోజులు కూర్చొని రంగులు వేశాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నా డ్రాగన్ ఎద్దయింది. నున్నటి వీపు, దొడ్డ కొమ్ములు. ఆదివారం మామ తెల్లచొక్కా తొడుక్కొని, పెట్టె ఒళ్లో పెట్టుకొని నాతో ఆటోలో వచ్చారు. కొమ్ములకేమైనా అయితే చూసుకోవాలి కదా అన్నారు.

బల్ల మీద దాన్ని నిలబెట్టేసరికి అందరూ మూగారు. మదురై జట్టులోంచి ఆ గుబురు మీసాల మనిషే ముందుకు వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు. వంగి, కొమ్ములు చూసి, "అయ్యయ్యో, ఇది మా వాడిపట్టి జల్లికట్టు ఎద్దు కదా! ఇట్లాంటిది ఎక్కడా చూడలేదు" అన్నాడు. తర్వాత లేచి, నా భుజం మీదుగా, మామకు దండం పెట్టాడు. "అయ్యా, ఈ వయసులో! ఆడేది మీరేనా?"

ఇంత చేసి మళ్లీ అక్కడికే వచ్చానా అనిపించింది.

మామ చేతులు అడ్డంగా ఊపారు. "నేనెక్కడ సామీ! ఆడేది మా కోడలు. నేను దానికి తోడొచ్చినా. కూసునేదానికి ఎక్కడైనా కుర్చీ ఉండాదా?"

మీసాల మనిషి గోడ వైపు చూపించాడు. మామ పోయి, పిల్లలకు తోడొచ్చిన ముగ్గురు తల్లుల పక్కన, ఒళ్లో ఖాళీ పెట్టె పెట్టుకొని కూర్చున్నారు. మదురై మాట ఆయనకు నేను ఎన్నడూ చెప్పలేదు. కళ్లు తుడుచుకొని పాచికలు తీసుకున్నాను.

మూడో రౌండులో డ్రాగన్ చచ్చింది. చచ్చిన బొమ్మను బల్ల మీద నుంచి తీసేయాలి గనక మీసాల మనిషి దాని మీదికి చెయ్యి చాపాడు. ఆ తల్లులకు రైజరంటే ఏమిటో చెబుతున్న మామ మాట ఆపి, గోడ పక్క నుంచి హాలంతా వినపడేలా అరిచారు.

"తల పట్టుకోవద్దు సామీ! రెక్క పట్టుకొని ఎత్తు, ఏమీ కాదు!"