బస్రా అన్నను సాగనంపిన రోజు

మొన్న సరిహద్దులో చనిపోయిన జవానును బరంపురం తీసుకొచ్చినప్పుడు, మా పేట కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళకు జెండాలు కట్టుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చి, శవం ఉన్న లారీకి ముందూ వెనకా బారులు తీరి సాగారు. అరుగు మీద కూర్చుని చూస్తున్న నాకు ఆ చప్పుడుకి చేతులు చల్లబడ్డాయి. మనవరాలు మంచినీళ్ళిచ్చి, వయసు కదా అంది. వయసు కాదు, భయం. యాభై ఏళ్ళ నాటిది. నా ఈడువాళ్ళు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు కనుక వాళ్ళతో చెప్పుకుంటున్నాను.

గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులవి. మా పెద్దమ్మ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంది. ఆవిడకు ఒక్కడే కొడుకు. వర్తకుల ఇంట పుట్టి తక్కెడ పట్టవలసిన ఆ అన్న, మొదటి జర్మనీ యుద్ధంలో పటాలం వాళ్ళ మోటారు బండ్లు బాగుచేసే పనిలో చేరి, ఓడెక్కి ఇరాకులోని బస్రా వెళ్ళాడు. సముద్రం దాటాడని కులపెద్దలు వెలివేశారు. బస్తాలకొద్దీ సీమ సరుకు ఓడల్లో దిగితే కళ్ళకద్దుకుని అమ్ముకునే పెద్దమనుషులకు, అదే సముద్రం మీద మనిషి వెళ్తే మైలవుతాడని ఎవరు చెప్పారో నాకు ఈనాటికీ తెలియదు. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు ఊళ్ళో ఉన్న మూడు మోటారు సైకిళ్ళనూ నడిచేలా చేసిందీ, వాటి మీద మమ్మల్ని ఎక్కించి నడపడం నేర్పిందీ ఆ బస్రా అన్నే. యుద్ధంలో పట్టుకున్న రొమ్ము జబ్బుతో అలాంటి ఒక సెలవులోనే ఆస్పత్రిలో కన్నుమూశాడు.

పటాలం ఎక్కడో ఉంది. పెద్దలేమో ఎవడైనా పాడెకు భుజం పడితే వాడి ఇంటికి నిప్పూ నీళ్ళూ బంద్ అని చాటించారు. మేము, అంటే సంస్కరణ సంఘంలో గొంతు చించుకునే అయిదుగురం, మేమే మిలటరీ మర్యాద చేస్తామని బయల్దేరాం. మా అక్క మొగుడు, నా బావ, తన కొట్లో బట్టల బేళ్ళు తోసే బండి తెచ్చాడు. పాడెను దాని మీద పెట్టి, అన్న ఖాకీ కోటు పైన కప్పి, ఇద్దరు తోస్తుంటే ముగ్గురం మోటారు సైకిళ్ళ మీద కాపుగా వెళ్ళాం. ఆడవాళ్ళు రాకూడదన్న కట్టుబాటును తోసేసి పెద్దమ్మ కూడా వెంట నడిచింది. నిజం చెప్పాలంటే అయిదుగురు మగవాళ్ళలో కంటే ఆవిడలోనే ధైర్యం ఉంది.

బజారు వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. తలుపు సందుల్లోంచి కళ్ళు కనిపించాయి. వీధి దాటగానే వెనక కులపెద్దల మనుషులు పదిమంది కర్రలు పట్టుకుని రావడం చూశాను. దగ్గరికి రారు, దూరం కారు. బావ తన మోటారు సైకిలు నా పక్కకి తెచ్చి, అంత భయంలోనూ ఎకసెక్కం మానలేదు.

“ఏటిరా బావమరిదీ, సంఘంలో సింహంలా అరుస్తావు, ఇప్పుడు నోట్లో తడి నేదేటి?”

“నీ బండే వణుకుతోంది, ముందు అది సూసుకో బావా” అన్నాను గానీ, వణుకుతున్నది బండి కాదని ఇద్దరికీ తెలుసు.

శ్మశానానికి సగం దూరంలో దింపుడు కళ్లం వచ్చింది. పాడె కిందికి దింపి, పోయినవాడి చెవిలో ముమ్మారు పేరు పిలిచి, ఏమో, ప్రాణం ఉందేమో, పలుకుతాడేమోనని అందరూ ఊపిరి బిగబట్టి వినే చోటు. పెద్దమ్మ బండి ఆపించింది. పాడె దింపాం. మా మూడు ఇంజన్లూ రొద పెడుతూనే ఉన్నాయి.

“నాయినా, ఆటిని ఒక్క పాలి ఆపండి. నాను ఆడ్ని పిలవాల” అంది నా వైపు చూసి.

“ఆపితే మల్లీ నలుగురు తొయ్యందే అంటుకోవు! ఎనక సూడు, ఆళ్ళొచ్చేస్తన్నారు” అన్నాడు బావ గొంతు తగ్గించి.

నేను వెనక్కి చూశాను, కర్రలు చూశాను. ఆ మాట పెద్దమ్మతో అనడానికి సిగ్గేసింది. “సచ్చిపోయినోళ్ళు ఇనరు పెద్దమ్మా, ఇదంతా మూఢనమ్మకం” అన్నాను. సంఘంలో ఎన్నోసార్లు చప్పట్లు కొట్టించుకున్న మాట అది. ఇంజను ఆపలేదు. నన్ను చూసి మిగతా ఇద్దరూ ఆపలేదు.

పెద్దమ్మ వంగి, కొడుకు చెవి దగ్గర నోరు పెట్టి పిలిచింది. పెదవులు కదలడం కనిపించింది గానీ పేరు మాకు వినిపించలేదు. రెండోసారి పిలిచినప్పుడు, భయం ఆపుకోలేక మళ్ళీ వెనక్కి తిరిగాను. కర్రలవాళ్ళు ఆగిపోయి ఉన్నారు. దింపుడు కళ్లం దగ్గర పిలుపు సాగుతుండగా కాలు కదపకూడదన్న ఆచారం వాళ్ళకు తెలుసు. కర్రలు నేలకు ఆనించి, తలలు వంచుకుని నిలబడ్డారు. ఆ దారిలో ఆ క్షణాన అన్నకు మర్యాద చెయ్యనిది మేమే.

మూడోసారి పిలిచి, చెవి ఆనించి చాలాసేపు విన్నది. తర్వాత తలెత్తి, కోపం లేకుండా, నిజంగానే నన్ను అడిగింది:

“ఏటన్నాడు నాయినా? బండి సప్పుడులో నాకినపడనేదు.”

పాడె ఎత్తి మళ్ళీ బండి మీద పెట్టాం. అన్నను దహనం చేసి వచ్చాం. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు. పెద్దమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని ఆవిడ గడప తొక్కడానికి ప్రతిసారీ భయపడ్డాను.

ఇప్పుడు వెలివేతలు పోయాయి, సముద్రం దాటితే గొప్ప అయింది. శవాన్ని మోటారు బండిలో పెట్టి తిన్నగా కాటికి తీసుకుపోతున్నారు. మధ్యలో దింపేవాళ్ళూ లేరు, పేరు పెట్టి పిలిచేవాళ్ళూ లేరు. ఇవన్నీ పోవాలని కలం అరిగేలా రాసినవాణ్ణి నేనే, చనిపోయినవాళ్ళు వినరని ఈ రోజుకీ నా వాదన. కానీ ఆ రోజు నేనా మాట అన్నది వాదన కోసం కాదు. కర్రలకు భయపడి అన్నాను.