ఉతికి ఆరేసిన చీరలు

నెలలు నిండకముందే ఉమ్మనీరు పోతే ఏం చేయాలో గర్భిణులకు చెప్పడం మా చిన్న దవాఖానలో నా పని. తడిసిన గుడ్డ ఉతకొద్దు, చుట్టి వెంట తీసుకురండి అని ప్రతి ఒక్కరికీ చెబుతాను. దాని రంగూ వాసనా చూస్తే చాలా సంగతి తెలుస్తుంది.

ఆ మంగళవారం ఒక అత్త ఏడో నెల కోడల్ని తీసుకొచ్చింది. ఇద్దరూ మా చర్చి సంఘం వాళ్లే. ఇంట్లో రెండు మరమగ్గాలు నడుస్తాయి. కోడలు తలస్నానం చేసి ఇస్త్రీ చీర కట్టుకుంది.

"ఉచ్చ ఆగుతలేదు సిస్టరమ్మా, మూడొద్దులాయె," అంది అత్త.

"తడిసిన బట్టలేవి?"

"అన్ని ఉతికి ఆరేసిన. కంపు చీరతోని దవాఖానకు తోల్కొస్తరా ఎవలన్న? నా ఇజ్జత్ ఏం గావాలె?"

పొడి గుడ్డ పెట్టించి పడుకోబెట్టాను. గంటలో తడిసింది. మూత్రం వాసన లేదు, ఉమ్మనీరే. ఒళ్లు వెచ్చగా ఉంది.

"మూడొద్దులు ఏం జేసిన్రు?" అని అరిచాను.

కోడలు మెల్లగా చెప్పింది. "ఉపవాస ప్రార్థనల చెప్పిన అక్కా. మూడొద్దులు కానియ్, ప్రభువు ఆపుతడు, దవాఖానకు ఉరికితే నీ ఇశ్వాసం ఏడున్నట్టు అన్నడు సంఘ పెద్ద."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక పది నిమిషాలు ఈ సంగతే చెబుతానని పోయిన నెల ఆయననే అడిగాను. "సంఘంల గవేం మాటలు సిస్టర్, మొగోళ్లుంటరు," అన్నాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను. అలా కూర్చున్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. గర్భంలో బిడ్డను రూపించినవాడే ఆ బిడ్డ చుట్టూ నీళ్లు ఉంచాడు. ఆయన మందిరంలో ఆ నీళ్ల పేరు ఎత్తకూడదట!

కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు బలపడేందుకు సూది, జ్వరానికి మందు ఇచ్చి కరీంనగర్ పెద్దాసుపత్రికి పంపించాం. అంబులెన్సు ఎక్కుతూ కోడలు నా చెయ్యి పట్టుకుంది.

"ఇశ్వాసం లేకనే వచ్చిన్నా అక్కా?"

"నిన్ను ఈడికి నడిపిచ్చింది ఎవలనుకున్నవ్ బిడ్డా?" అన్నాను.

అక్కడ పుట్టిన బిడ్డ తొమ్మిది రోజులే బతికింది. సమాధి దగ్గర సంఘ పెద్ద కళ్లు మూసుకుని, "ప్రభువు చిత్తం," అన్నాడు.

"ఆయన మీద పెట్టకుండ్రి," అన్నాను, అందరికీ వినపడేలా. "ఆగుమన్నది మీరు. నోరు మూసుకున్నది నేను."

ఆదివారం ఎవరి అనుమతీ అడగలేదు. సంచిలో ఒక పొడి గుడ్డ పెట్టుకుని మందిరానికి వెళ్లాను.