ఎక్స్‌రే ఫిల్ము మీద జిగురు బొట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అతుకు లేని వస్తువు కావాలంటే వెతుక్కోవాల్సి వచ్చేది. పింగాణీ కప్పు పిడికి అతుకు, కందిలి అడుగున అతుకు, ఆఖరికి నేను తల దువ్వుకునే దువ్వెనకు కూడా నడుమ పసుపుపచ్చటి గీత. అవన్నీ మా మేనత్త చేతి పనులే. ఆమె మా నాన్నకు అక్క, మెదక్‌లో మిషను దవాఖానాలో నర్సు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేది. దవాఖానాలో విరిగిన చేతులకూ కాళ్లకూ కట్లు కట్టి వచ్చి, ఇంట్లో విరిగిన కుర్చీలకు కట్లు కట్టేది. ఈ రెండు పనులకూ మధ్య ఆమెకు పెద్ద తేడా ఉన్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

ఆమె దగ్గర రెండు ట్యూబుల జిగురు ఉండేది. పట్నం పోయేవాళ్లకు చెప్పి తెప్పించుకుని, పాత ఇంజక్షన్ల డబ్బాలో దాచుకునేది. ఒక ట్యూబులోది చిక్కటి తేనెలా ఉండేది, రెండోది కాస్త పచ్చగా, ఘాటు వాసనతో ఉండేది. విడివిడిగా రెండూ ఎందుకూ కొరగావు. సమంగా తీసి అగ్గిపుల్లతో బాగా కలిపితే మాత్రం కొన్ని గంటల్లో రాయిలా బిగుసుకుంటాయి. ఒకసారి పక్కింటి సారు స్కూటరు ట్యాంకుకు చిల్లు పడి పెట్రోలు కారుతుంటే, ముందు సబ్బు ముక్క రుద్ది ఆపింది. తర్వాత ట్యాంకు ఖాళీ చేయించి, చిల్లు చుట్టూ గరుకు కాగితంతో గీకి, గాయాలకు కట్టే గాజుగుడ్డ ముక్కను ఆ జిగురులో తడిపి పట్టీలా వేసింది. ఆ సారు బదిలీ అయి వెళ్లేదాకా ఆ పట్టీ ఊడలేదు. మా అమ్మ ఎగతాళి చేసేది. "మా వదినె చేతికిస్తే పలిగిన గుడ్డును గూడ అతికిచ్చి కోడి కిందనే పెడ్తది" అనేది.

మా నాన్న ఒక పటేలు గారి నల్ల కారు నడిపేవాడు. ఆ పటేలుకు పాపన్నపేట వైపు భూములుండేవి. కారును మా ఇంటి పక్కన రేకుల షెడ్డులో పెట్టేవారు. నేను చెప్పబోయే రోజుకు నెల ముందు, వానలో ఇంజను తడిసి కారు దారి మధ్యలో ఆగిపోయింది. పటేలు బురదలో రెండు మైళ్లు నడిచి ఇల్లు చేరాడు. ఇంకొక్కసారి ఇట్లా జరిగితే వేరే డ్రైవర్ని చూసుకుంటానని నాన్న మొహం మీదే చెప్పాడు. అది మొదలు వాన పడిందంటే మా నాన్నకు గుండెల్లో గుబులు. ఇంజనులో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ అని ఒకటుంటుంది. దాని మూతకు చెమ్మ పడితే కారు కదలదు. అందుకని వాన వెలిసిన పొద్దున మూత ఊడదీసి, తుడిచి, మా అరుగు మీద ఎండకు పెట్టేవాడు.

ఆ రోజు కూడా అలాగే పెట్టాడు. పటేలుతో పట్నం వెళ్లి తెల్లవారుజామున తిరిగి వచ్చాడు కాబట్టి, మూత అరుగు మీద ఉంచి పడుకున్నాడు. సాయంత్రం రైలుకు పటేలు గారి బిడ్డ అక్కన్నపేట స్టేషన్లో దిగుతుంది. ఆమెకు తొమ్మిదో నెల, పురుటికి పుట్టింటికి వస్తోంది. వానలకు గుంతలు పడిన రోడ్డు మీద ఎడ్లబండిలో తీసుకురావడం మాట కూడా ఎవరూ ఎత్తలేదు. నాలుగింటికల్లా కారు బయలుదేరాలి. "సప్పుడు చెయ్యకు బిడ్డా, మీ నాయిన జర పండుకున్నడు" అని అమ్మ నన్ను అరుగు మీదికి తరిమింది.

అప్పుడు నాకు పదేళ్లు. చేతిలో చెక్కబొమ్మ, ఎదురుగా ఆ మూత. డిస్ట్రిబ్యూటర్ మూతను మీరెప్పుడైనా చూశారో లేదో, నల్లగా నిగనిగలాడుతూ, మధ్యలో ఒక కొమ్ము, చుట్టూ నాలుగు కొమ్ములతో ఉంటుంది. కిరీటం కాక అది మరేమిటి? సండే స్కూల్లో రాజుల కథలు విన్న పిల్లను, నా బొమ్మను రాజును చేద్దామనుకున్నాను. కిరీటం పెట్టాను. రాజు గారి తల చిన్నది. కిరీటం ఒక పక్కకు ఒరిగి, జారి, షాబాదు బండ మీద పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. తీసి చూస్తే రెండు చెక్కలు, గోరంత పెచ్చు ఒకటి.

నాకు ఏడుపు కూడా రాలేదు. ముక్కలన్నీ ఏరి, అరుగు మీదున్న కోళ్ల గంప కింద పెట్టి, ఆ గంప మీద కూర్చున్నాను. నాన్న కొడతాడని కాదు భయం, ఆయన ఎన్నడూ నన్ను కొట్టి ఎరగడు. పటేలు అన్న మాట నేను కూడా విన్నాను. కొత్త మూత కావాలంటే పట్నం నుంచే రావాలి. అంటే సాయంత్రం కారు కదలదు, రేపటి నుంచి నాన్నకు పని ఉండదు. ఇదంతా నా వల్లే జరుగుతుంది. గంప మీద కూర్చుని ఇదే మళ్లీ మళ్లీ అనుకున్నాను.

నైటు డ్యూటీ దిగి అత్త అప్పుడే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, తెల్లచీర నలిగి ఉంది. నన్ను చూసి చెప్పులు విడవకుండానే ఆగింది.

"ఏమాయె బిడ్డా? మొగం గట్లున్నదేంది?"

నేను లేచి గంప ఎత్తాను. ఆమె వంగి, ముక్కల్ని అరచేతిలో వేసుకుని, ఒకదానికొకటి ఆనించి చూసింది. "గిది ఏం పని జేస్తదో నాకెరుక లేదు గని, పలిగినదాని సంగతైతే నాకెరుకే. అన్ని ముక్కలు ఏరినవా? ఇంకోపారి సూడు, ఇసుమంత ముక్క గూడ ఇడువద్దు" అంది. ఇది ఎవరి తప్పు అన్న మాటే ఎత్తలేదు. నాకు అప్పుడొచ్చింది ఏడుపు.

అత్త పగుళ్ల అంచుల్ని స్పిరిటుతో తుడిచింది. దవాఖానాలో పారేసే పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క ఒకటి తీసి, దాని మీద రెండు ట్యూబుల నుంచీ సమంగా పిండి, అగ్గిపుల్లతో కలిపింది. అంచులకు పల్చగా రాసి, ముక్కల్ని కలిపి, సైకిలు ట్యూబు నుంచి కోసిన రబ్బరు చుట్టు వేసి, ఎండలో బండ మీద పెట్టింది. ఫిల్ము మీద మిగిలిన జిగురు బొట్టును పారేయలేదు. దాన్ని కూడా మూత పక్కనే పెట్టింది.

"దీన్ని ముట్టద్దు. ఆరిందా లేదా అని సూడ బుద్ధయితే గీ బొట్టును ముట్టు. రెండూ ఒక్కటే జిగురు. గిది గట్టిపడ్డదంటే గదీ గట్టిపడ్డట్టే" అని చెప్పి స్నానానికి వెళ్లింది.

నేను తలూపాను. కానీ పావుగంట కూడా ఆగలేకపోయాను. బొట్టు సంగతి నాకెందుకు? నాకు కావలసింది మూత. అతుకుతోందా లేదా అని వేలితో ఒక్కసారి, మెల్లగా, కొంచెం నొక్కి చూశాను. పెచ్చు ఊడి వచ్చింది, రెండు చెక్కలూ పక్కకు జారాయి. సరిచేయబోతే ఇంకా జారాయి. ఈసారి దాచడానికి కూడా ఓపిక లేక, స్నానాల గది తలుపు ముందు నిలబడి గట్టిగా ఏడ్చాను.

అత్త తడి తలతోనే వచ్చి చూసింది. ట్యూబులు చేతిలోకి తీసుకుంది. రెండో ట్యూబు అడుగంటింది. కింది నుంచి చుట్ట చుట్టినట్టు చుట్టి పిండితే, ఇంకొక్కసారికి మాత్రం సరిపోయేంత వచ్చింది. పాత జిగురంతా బ్లేడుతో గీకేసి, మొదటి నుంచీ మళ్లీ చేసింది. చేస్తూ చెప్పింది: "దవాఖానల గూడ గింతే బిడ్డా. కట్టు కట్టి పంపుతం. అతికిందా అని ఇంట్ల కాలు ఊపి సూసుకుంటరు. గట్ల సూసుకునుడుతోనే మల్ల ఇరుగుతది." ఈసారి ఫిల్ము ముక్కను బండ మీద పెట్టకుండా నా చేతికే ఇచ్చింది. "చెయ్యి ఊకుండకపోతే దీంతోని ఆడుకో" అంది.

మూతకు బారెడు దూరంలో, ఎండలో, ఫిల్ము పట్టుకుని కూర్చున్నాను. మూతను ముట్టుకోవాలని చెయ్యి లాగినప్పుడల్లా బొట్టును ముట్టుకున్నాను. మొదట వేలికి తీగలు తీగలుగా సాగింది. కాసేపటికి బెల్లం పాకంలా బంక బంకగా అయింది. ఇక గట్టిపడి ఉంటుందని ఒకసారి బొటనవేలు నొక్కితే, వేలి గీతలన్నీ దాని మీద అచ్చు పడ్డాయి. ఇంతలో మబ్బు పట్టింది. బండ చల్లబడుతుంటే నా ప్రాణం పోతున్నట్టయింది. అత్త తన యూనిఫారం ఇస్త్రీ చేసుకునే పెట్టెలో బొగ్గులు వేసి, రాజేసి, మూతకు వెచ్చగా తగిలేంత దూరంలో తెచ్చి పెట్టింది. నా చేతిలోని ఫిల్మును కూడా అక్కడే పెట్టించింది. మూతకు ఎంత వేడి తగిలితే బొట్టుకూ అంతే తగలాలట. రాత్రంతా మేలుకుని వచ్చిన మనిషి, ఆ రోజు పడుకోనే లేదు.

మూడు కావస్తుండగా బొట్టు మీద గోరు దించితే దిగలేదు. నేలకేసి కొడితే టక్కుమంది. పరుగెత్తి చెబితే అత్త నవ్వింది. లోపల నాన్న మేలుకున్న అలికిడి అయింది. నేను అత్త కొంగు పట్టుకున్నాను. ఆమె కొంగు విడిపించుకుంది.

"అతికిచ్చుడు నా పని. చెప్పుడు నీ పని."

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీదికి వచ్చి మూతను చూశాడు. పసుపుపచ్చటి గీత ఎవరికైనా కనిపిస్తూనే ఉంది. "నేనే పలగ్గొట్టిన నాయినా. మా బొమ్మకు కిరీటం పెట్టిన" అన్నాను. ఆయన అరుగు మీద కూలబడ్డాడు. గోడ గడియారం వైపు చూశాడు, షెడ్డులో కారు వైపు చూశాడు. చివరికి, "గట్టిగైతే ఉన్నదా?" అని నన్నే అడిగాడు. నేను ఫిల్ము ముక్క ఆయన చేతిలో పెట్టాను. గోటితో గీరి చూసి, మూత తీసుకుని లేచాడు.

లోపలి వైపు పొంగిన జిగురును బ్లేడుతో గీకి, మూత బిగించాడు. వైర్లు కలగలవకుండా ఒక్కోదానికి దారంతో ముడులు వేసి గుర్తు పెట్టుకునేవాడు. ఆ ముడులు లెక్కపెట్టుకుంటూ ఒక్కో వైరూ దాని కొమ్ములో గుచ్చాడు. హ్యాండిలు తిప్పాడు. ఇంజను దగ్గినట్టు చేసి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. ఈసారి ఆ దగ్గు కూడా లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. మూడోసారి తిప్పేసరికి షెడ్డు రేకులు అదిరేలా ఇంజను అందుకుంది. "నడువు తమ్మీ, యాళ్లయితుంది" అంది అత్త, ఏమీ జరగనట్టు.

దీపాలు పెట్టే వేళకు కారు చప్పుడు వినిపించింది. నాన్న దిగుతూనే, "దింపొచ్చిన. ఏం తక్లీబు కాలె" అన్నాడు. అంతే మాట. ఆ పూట అన్నం ఎంత రుచిగా ఉందో నాకిప్పటికీ గుర్తే. పొద్దుటి నుంచీ మంచినీళ్లు కూడా తాగలేదని అప్పుడు తెలిసింది.

కథ ఇక్కడితో అయిపోతే నేను దీన్ని అత్త చేతి చలువ అనుకుని ఊరుకునేదాన్ని. వారం తిరగకుండానే మళ్లీ పెద్ద వాన కురిసింది. పొద్దున నాన్న మూత ఊడదీసి, తుడిచి, అరుగు మీదికి తెచ్చాడు. నేను అక్కడే బొమ్మతో కూర్చుని ఉన్నాను. మూతను పైన అటక మీద పెడతాడనుకున్నాను, లేదా నన్ను లోపలికి పొమ్మంటాడనుకున్నాను. కనీసం, జాగ్రత్త అని ఒక మాటైనా అంటాడనుకున్నాను. ఆయన దాన్ని అదే బండ మీద, నా పక్కన, ఎప్పుడూ పెట్టే చోటే పెట్టాడు. "నేను జర పంటున్న బిడ్డా" అని చెప్పి లోపలికి పోయాడు. రెండు నిమిషాల్లో గురక వినిపించింది.

దొంగనిద్ర కాదు, నిజం గురకే. ఆ రోజు నేను కోళ్లను కూడా ఆ అరుగు దరికి రానివ్వలేదు.

తర్వాత నేను పంతులమ్మనయ్యాను. ఒకసారి నా క్లాసులో ఒక పిల్ల బీరువాలోంచి రంగుపెన్సిళ్లు తీసి, పట్టుబడి, తప్పు ఒప్పుకుని ఏడ్చింది. మర్నాడు బీరువా తాళంచెవి ఎప్పటిలాగే ఆ పిల్లకే ఇచ్చాను. తాళంచెవి తిరిగి తెచ్చి ఇచ్చాక పెన్సిళ్లు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాలని చెయ్యి లాగలేదని చెప్పను. నా పిల్లల దగ్గరా, కోపం వచ్చి మాటలు మానేసి మళ్లీ కలిసిన మా చెల్లెలి దగ్గరా అంతే. నా మీద ఇంకా కోపం ఉందా అని నేను దాన్ని ఏనాడూ అడగలేదు. అడగాలనిపించినప్పుడల్లా లేచి వెళ్లి కుట్టుపెట్టె తెరుస్తాను.

ఆ ఎక్స్‌రే ముక్క అందులోనే ఉంది. ఎవరివో తెలియని వేళ్ల ఎముకలు, వాటి మీద ముదురు పసుపు రంగు బొట్టు, ఆ బొట్టులో నా పదేళ్లనాటి బొటనవేలి గీతలు. కాసేపు దాని మీద వేలుపెట్టి కూర్చుంటాను. తర్వాత మా చెల్లెలికి ఫోను చేసి, ఈ పూట ఏం వండావని అడుగుతాను.