కాలవ వైపు ఒకటో స్తంభం

రామచంద్రపురం దగ్గర బియ్యం గోడౌనులో ఆయనా నేనూ ఇరవై ఏళ్ళు కలిసి పనిచేశాం. ఏ చుట్టరికమూ లేకపోయినా ఒకరినొకరం బావగారూ అనుకునేవాళ్ళం.

బస్తాల తేమ చూడటానికి ఒక చిన్న చక్రాల రోబో వచ్చింది. రేకుల కప్పు కింద శాటిలైట్ సిగ్నల్ అందదు. అందుకని స్తంభాలకు రేడియో ట్యాగులు అతికించాలని, వాటిని బట్టే రోబో తానెక్కడుందో తెలుసుకుంటుందని ఇంజనీరమ్మాయి చెప్పింది. స్తంభాలకు ఏ వరసలో నంబర్లివ్వాలో మమ్మల్ని అడిగింది.

నేను కాలవ వైపు తలుపు నుంచి ఎంచుతాను. ఒకప్పుడు బస్తాలు పడవల మీద వచ్చింది అటునుంచే. ఆయనేమో ఇప్పుడు లారీలు వచ్చే రోడ్డు తలుపు నుంచి ఎంచుతారు. నా ఒకటో స్తంభం ఆయనకు ఆఖరిది. అయినా ఏనాడూ తేడా రాలేదు.

ఆ రోజు నేను భోజనం చేసి వచ్చేసరికి ట్యాగులన్నీ ఆయన వరసలో అతికించేసి ఉన్నాయి.

"ఆ సార్ చెప్పారండీ. ఇప్పుడు మారిస్తే మ్యాప్ అంతా మార్చాలి," అంది ఇంజనీరమ్మాయి.

"ఏంటండీ బావగారూ, ఎటునుంచి ఎంచితే ఏం? గోదారి వెనక్కి పారుద్దా?" అని నవ్వారాయన. ఆ పిల్ల కూడా నవ్వింది.

అప్పటినుంచి నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన రిటైరైన రోజు విందుకు రెండుసార్లు పిలిచారు, వెళ్ళలేదు. మూడోసారి పిలవలేదు. అదీ గుర్తుంది.

ఆయన రావులపాలెంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. నేనింకా ఇక్కడే ఉన్నాను. రోబో ప్రతి స్తంభం దగ్గరా ఆగి ఆయన చెప్పిన నంబరే చెబుతుంది. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే ఎదురు బల్ల ఖాళీ. ఆవకాయ కలుపుకుంటూ నన్ను ఆటపట్టించే మనిషి లేరు.

పోయిన వారం ఏడో ట్యాగు ఊడిపడింది. రోబో అక్కడికెళ్ళి ఆగిపోయింది. గమ్ము నా సొరుగులోనే ఉంది. అయినా ఆయనకు ఫోన్ చేశాను.

"మీ ఏడో ట్యాగు ఊడిందండి."

"అతికించెయ్యలేకపోయారా బావగారూ?"

"మీ లెక్క నాకేం తెలుసు?"

"అంటే రమ్మంటారా?"

"ట్యాగు ఊడిందంటున్నాను."

ఆయన నవ్వారు. "ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కుతానండి."

ఆదివారం గోడౌనుకు సెలవని ఆయనకూ తెలుసు. ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు. మేనేజరుగారిని అడిగి తాళాలు తెచ్చుకున్నాను.