ఆయ్ అంటే అవునా

ఏటా నవంబరులో మేం ఇంకా బతికే ఉన్నామని గవర్నమెంటుకి రుజువు చూపించాలి. పింఛను తీసుకునేవాళ్ళకి తప్పని తద్దినం ఇది. రాజమండ్రిలో పింఛన్ల ఆఫీసుకి ఎంత పెందలాడే వెళ్ళినా మనకంటే ముందు పదిమంది ఉంటారు. బల్ల మీద చిన్న మిషను పెడతారు. దాని మీద బొటనవేలు ఆనిస్తే, అది ఒప్పుకుంటే, మనం ఉన్నట్టు. నాకు ఇలాంటి చోట్ల చిరాకెక్కువ. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు మాస్టారుగా చేసినవాణ్ణి, నేనున్నానని నా వేలు చెప్పాలా అని గొణుక్కుంటూ వరసలో నిలబడ్డాను.

నా ముందున్న పెద్దాయనకి కుడిచెయ్యి వణుకుతోంది. మిషను రెండుసార్లు ఎర్రదీపం చూపించింది. కౌంటర్లో అమ్మాయి ఓపికగానే "కదపకుండా పెట్టండి తాతగారూ" అంటోంది, ఆయన వల్ల కావడం లేదు. వెనకాల సణుగుడు మొదలైంది. నేను ముందుకెళ్ళి ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుని, వేలు అద్దం మీద అదిమాను. పచ్చదీపం వెలిగింది. "పుణ్యముంటుందండి" అన్నాడాయన.

నా పని కూడా అయ్యాక, కాగితాలిచ్చేదాకా కూర్చోమన్నారు. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఎక్కువసేపు నిలబడితే నా అరికాళ్ళు మంటెత్తుతాయి. చెప్పులు విప్పి రుద్దుకుంటుంటే, ఆయన తన సంచీ పక్కకి జరిపి, "కాళ్ళు చాపండి, పర్లేదు" అన్నాడు.

ఆ మాటకి నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. అది నాకు తెలిసిన గొంతు. విని నలభై ఏళ్ళు దాటింది, అయినా తెలుసు.

డిగ్రీ చదివే రోజుల్లో నేనూ నా స్నేహితుడూ ఒక విద్యార్థి సంఘంలో తిరిగేవాళ్ళం. కూలిరేట్లు పెంచాలని గోడల మీద రాసేవాళ్ళం, కరపత్రాలు పంచేవాళ్ళం. మా ఘనకార్యమంతా అదే. ఒకనాడు హాస్టలు నుంచి నన్ను జీపెక్కించి తీసుకెళ్ళి, పదకొండు రోజులు ఒక స్టేషన్లో ఉంచారు. కేసు పెట్టలేదు. కాగితం ప్రకారం నేనక్కడికి వెళ్ళనే లేదు. అక్కడ కర్ర పట్టుకున్న కానిస్టేబులు మా కోనసీమ వైపు మనిషే. అరికాళ్ళ మీద కొట్టేముందు రోజూ "కాళ్ళు చాపండి" అనేవాడు. ఒరే తురే అన్నవాళ్ళున్నారు, అమ్మనీ అక్కనీ తిట్టినవాళ్ళున్నారు. అండీ అని కొట్టినవాడు మాత్రం ఇతనొక్కడే. మా గోదావరి మర్యాద అలాంటిది, స్టేషన్లో కూడా వదలదు.

నిజానికి ఇన్నేళ్ళూ నన్ను తినేసింది దెబ్బలు కాదు, ఒక మాట. ఐదో రోజున, ఆ కానిస్టేబులు పక్కన ఉండగానే, ఎక్కడో దూరపు జిల్లా నుంచి వచ్చిన అధికారి ఎదురుగా కుర్చీ వేసుకుని, నా స్నేహితుడి గురించి అడిగాడు. "వాడు మొగల్తూరులో వాళ్ళక్క ఇంట్లో దాక్కున్నాడు కదా?" నేను "ఆయ్" అన్నాను.

కోనసీమలో పుట్టినవాళ్ళకి ఆ మాట నోట్లోనే ఉంటుంది. పెద్దవాళ్ళు ఏదైనా చెబుతుంటే ఆయ్ అంటాం. అవునని కావచ్చు, వింటున్నానండి అని కావచ్చు, చెప్పండి అని కావచ్చు. ఒక్కోసారి ఏ అర్థమూ ఉండకపోవచ్చు. ఆ రోజు నేను ఏ అర్థంతో అన్నానో నాకే తెలియదు. ఆ తర్వాతి రోజుల్లో దెబ్బలు తప్ప, ఏమడిగారో ఏమన్నానో కూడా గుర్తులేదు. బయటికొచ్చాక తెలిసింది, వాణ్ణి మొగల్తూరులో అక్క ఇంట్లోనే పట్టుకున్నారని, కొట్టిన దెబ్బలకి కుడిచెవి పోయిందని. అంతే, వాడి చెవి పోగొట్టింది నా ఆయ్ అని తీర్మానించుకున్నాను.

ఆ మాట మానేశాను. పెళ్ళైన కొత్తలో నా భార్య, "ఆయ్ అనని కోనసీమ మనిషిని మిమ్మల్నే చూశానండి, అసలు మీది ఆ ఊరేనా" అని ఏడిపించేది. నవ్వేసి ఊరుకునేవాణ్ణి. ఏం చెప్పను? సంధులూ సమాసాలూ చెప్పుకుని బతికినవాణ్ణి, నా నోట్లోంచి వచ్చిన ఒక్క మాటకి అర్థం తేల్చుకోలేకపోయాను.

వాడూ నాతో మాట్లాడలేదు. నా పెళ్ళికి పిలిస్తే రాలేదు. ఒకసారి నిడదవోలు ప్లాట్‌ఫాం మీద ఎదురుపడితే, నన్ను చూసి తల దించుకుని వేరే పెట్టె ఎక్కేశాడు. నన్ను అసహ్యించుకుంటున్నాడు, న్యాయమే కదా అనుకున్నాను. ఆ తర్వాత రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు ఆ కానిస్టేబులు నా పక్కన కూర్చుని ఉన్నాడు. లేచి వెళ్ళిపోదామని చెప్పులు దగ్గరికి లాక్కున్నాను, కానీ వెళ్ళలేదు. పోలీసులో చేశారా అని అడిగాను. చేశానన్నాడు, రిటైరయ్యాక ధవళేశ్వరంలో ఉంటున్నానన్నాడు. ఫలానా స్టేషన్లో పదకొండు రోజులున్న హాస్టలు కుర్రాణ్ణి నేనేనని చెప్పాను. ఆయన నా మొహం చూడలేదు. నా పాదాల వైపు చాలాసేపు చూశాడు.

"తెలుగు ఎమ్మే చదువుతానన్నారు," అన్నాడు చివరికి. "పైవాళ్ళు చెప్పేవారండి, మేం..."

నాకు ఒళ్ళు మండింది. "కర్ర పైవాళ్ళ చేతిలో ఉందా?" అన్నాను. కౌంటర్లో అమ్మాయి తలెత్తి చూసింది.

"లేదండి. నా చేతిలోనే ఉంది." వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయనకి కాలవ పక్కన సొంత ఇల్లుండేదట. రేవులో బండ మీద బట్టలు బాదే చప్పుడు వినలేక, ఇంట్లోవాళ్ళకి కారణం కూడా చెప్పకుండా ఆ ఇల్లు అమ్మేశాడట. "క్షమించమని అడగడానికి నాకు మొహం లేదండి" అన్నాడు.

"అడక్కండి," అన్నాను. "నా దగ్గర లేదు." ఉన్నమాటే చెప్పాను.

కానీ నాకు ఆయనతో పనుంది. నా ఆయ్‌కి మిగిలిన సాక్షి ఆయనొక్కడే. అడిగేశాను, ఐదో రోజు మొగల్తూరు సంగతి గుర్తుందా అని.

"గుర్తులేకేమండి. మీరు ఆయ్ అన్నారు. అదేంటి, ఒప్పుకున్నట్టేనా అని ఆ ఆఫీసరుగారు నన్నడిగారు. కాదు సార్, మావైపు వింటున్నామని చెప్పడానికి అలా అంటారు అన్నాను. ఆయనకి కోపమొచ్చేసింది. సరిగ్గా అవుననిపించమన్నారు. దానికి మీకు ఇంకో రెండ్రోజులు ఎక్కువ పడ్డాయండి. మీరు మాత్రం అనలేదు."

"మరి వాణ్ణెలా పట్టుకున్నారు?"

"మీ స్నేహితుణ్ణి మీకంటే రెండ్రోజులు ముందే తెచ్చేశారు కదండి. వేరే స్టేషన్లో ఉంచారు. మీ నోటితో కూడా అనిపించాలని అడిగారు, అంతే."

నాకు నవ్వొచ్చింది. ఆగకుండా వచ్చింది. గుండెల మీద కుంపటి దించినట్టైంది. రెండ్రోజులు ఎక్కువ తన్నులు తిన్నానని తెలిసి ఇంత సంతోషపడ్డవాడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ అమ్మాయి మా కాగితాలతోపాటు మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చింది. తాగుతుంటే అప్పుడు తట్టింది, నాకంటే ముందే వాణ్ణి పట్టుకుంటే, నా పేరు వాళ్ళకి ఎవరు చెప్పారు?

అదే అడిగాను. ఆయన కాగితం మడతపెట్టి సంచీలో పెట్టుకుంటూ, "ఇప్పుడెందుకులెండి" అన్నాడు. ఇంకేం చెప్పనక్కర్లేదు. రైలు దగ్గర వాడు తల దించుకుంది అసహ్యంతో కాదన్నమాట. కోపం వస్తుందేమోనని కాసేపు చూసుకున్నాను. రాలేదు. వాడూ నాలాగే ఇన్నేళ్ళు ఏడ్చాడన్నమాట అనుకుంటే ప్రాణం ఉసూరుమంది.

బయట వరండాలోకొచ్చి ఫోను తీశాను. వాడి నంబరు ఎవరో ఇస్తే ఎప్పుడో పెట్టుకున్నాను, ఒక్కసారీ నొక్కలేదు.

"ఎవరండి?" అన్నాడు.

"నేనురా. ఫోను ఎడంచెవిన పెట్టుకున్నావా?"

వాడి వెనక చేపల బేరం కేకలు వినబడుతున్నాయి. తర్వాత వాడు అక్కణ్ణించి పక్కకి నడిచినట్టున్నాడు, కేకలు తగ్గాయి.

"నీకు తెలిసిపోయిందా?" అన్నాడు.

"ఇవాళే తెలిసింది. నేను నీ ఆచూకీ చెప్పేశాననుకుని ఇన్నాళ్ళూ నీకు మొహం చూపించలేదురా."

"నువ్వు చెప్పడమేంటి?" వాడి గొంతు బొంగురుపోయింది. "చెప్పింది నేను. నీ పేరు, హాస్టలు, రూము నంబరుతో సహా చెప్పాను. మూడో దెబ్బకే చెప్పేశానురా."

"నన్ను ముందు తీసుకెళ్ళుంటే," అన్నాను, "నాకు రెండే సరిపోయేవిరా."

అవతల వాడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.